ఒంటికన్ను మూయలేని పెళ్ళికొడుకు

ఆ కాలంలో పిల్లనిచ్చేవాళ్ళు అడిగే ప్రశ్నలు అందరికీ ఒకటే. భూమి ఎంత ఉంది, నౌకరీ పక్కాదేనా, బీడీ తాగుతాడా, చుట్టా. వీటికి జవాబులు పక్కన కూర్చున్న పెద్దమనిషే చెప్పేవాడు కాబట్టి పెళ్ళికొడుకు తలవంచుకుని పెట్టిన పలహారం తింటే సరిపోయేది. నేనూ అంతేననుకుని, ఉతికిన ధోవతి కట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని కోదాడకు బయల్దేరాను. అక్కడ నా చేతికి డబుల్ బారెల్ తుపాకీ ఇస్తారని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, ఆ రోజు తప్పకుండా నాకు జ్వరం వచ్చి ఉండేది.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది. నేను సూర్యాపేట బడిలో పంతులుగా చేరి ఎంతో కాలం కాలేదు. చదువు ఉర్దూ నుంచి తెలుగులోకి, సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారిన కొత్త. (అలవాటు చావక కొన్ని శుక్రవారాలు బడికి వెళ్ళడం మరిచిపోయిన పంతుళ్ళలో నేనూ ఒకణ్ణి.) మా అక్క మొగుడు మిర్యాలగూడ తహసీల్ కచేరీలో గుమాస్తా. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళీడు పిల్ల ఉందో ఆయనకు రెవెన్యూ లెక్కలకంటే బాగా తెలుసు. కోదాడ సంబంధం ఆయన తెచ్చిందే. పిల్ల తండ్రి నిజాం సర్కారులో అడవుల శాఖలో పని చేసి దిగిపోయిన మనిషి. ఆ శాఖను ఆ రోజుల్లో జంగ్లాత్ అనేవారు, అందుకని ఊరంతా ఆయన్ను జంగ్లాత్ సాబ్ అనేది. భార్య పోయింది. ఇంట్లో ఆయన, ఆయన అక్క, ఒక్కతే కూతురు.

పలహారాలయ్యాయి. పిల్ల వచ్చి మంచినీళ్ళ చెంబు పెట్టి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు అందరు ఆడపిల్లల్లా నేల చూసుకుంటూ పోలేదు. ఒక్కసారి సూటిగా నా ముఖంలోకి చూసి, ఏదో లెక్క సరిపోయినట్టు తలాడించి లోపలికి పోయింది. నాకు అంతటితోనే పని అయిపోయింది. ఈ పిల్లే కావాలి అనుకున్నాను. సరిగ్గా అప్పుడే జంగ్లాత్ సాబ్ గొంతు సవరించుకుని, "పంతులూ, ఎన్నడన్న తుపాకి పట్టినవా?" అన్నారు. లేదండీ అని నేను అనేలోపే మా బావ, "పట్టలేదు గని, ఏదన్న ఇట్టె నేర్చుకుంటడు" అనేశాడు.

ఆయన వేట మానేసి చాలా కాలమైందట. భార్య పోయే ముందు "ఇగ జీవాల మీద తుపాకి ఎత్తొద్దు" అని మాట తీసుకుందట. అల్లర్ల రోజుల్లో ఠాణాలో జమ చేసిన తుపాకీ లైసెన్సు చూసి తిరిగి ఇచ్చాక, దాన్ని గోడకు తగిలించి ఊరుకోలేక, ఎప్పుడో సికింద్రాబాదులో దొరలు మట్టి బిళ్ళలు గాల్లోకి ఎగరేసి కొట్టడం చూసిన సంగతి గుర్తు తెచ్చుకున్నారు. కుమ్మరి చేత అరచెయ్యంత మూకుళ్ళు చేయించి, సగం కాల్పించి, ఆదివారం సాయంత్రం ఊరి చివర తమ ఇంటి వెనక ఖాళీగా పడి ఉన్న బీట్లో జీతగాడి చేత వెదురుబద్దతో ఎగరేయించి కొట్టేవారు. ముందుగా ఠాణాకు కబురు పంపేవారు. లేకుంటే ఆ రోజుల్లో రెండు చప్పుళ్ళకే ఊరు ఊరంతా తలుపులు వేసుకునేది.

బీట్లో నిలబెట్టి ఆయన తుపాకీని మధ్యకు విరిచి నాకిచ్చి, "గొట్టం సాఫ్ ఉన్నదా సూడు" అన్నారు. కంటికి ఆనించి చూసి ఉందన్నాను. ఇంటి దొడ్డిగోడ దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నట్టు అనిపించింది కానీ అటు తిరిగే ధైర్యం లేకపోయింది. తూటాలు వేసి, కుడి భుజానికి ఆనించి, "ఎడమ కన్ను మూసుకో. కుడి కంటితోటి గొట్టం కొసకున్న పూసను సూడు. మూకుడు పూస మీదికి రాంగనే మీట నొక్కు. జర సబర్ చెయ్యి, తొందర వద్దు" అన్నారు. నేను ఎడమ కన్ను మూశాను. దానితోపాటు కుడి కన్నూ మూతబడింది. కోదాడ మొత్తం చీకటైపోయింది. కుడి కన్ను తెరిస్తే ఎడమదీ తెరుచుకుంది. పుట్టినప్పటి నుంచి నా రెండు కళ్ళూ కలిసే మూతబడుతున్నాయనీ, విడిగా మూయాల్సిన అవసరం ఒకటి ఉంటుందనీ నాకు అప్పటిదాకా తెలియదు. చివరికి రెండూ తెరిచే పేల్చాను. ఎగిరిన ప్రతి మూకుడూ నిండు ప్రాణంతో వచ్చి గడ్డిలో దిగింది. నా గుండ్లన్నీ దానికి ఎడమ పక్కగా గాలిని చీల్చుకుంటూ పోయాయి. రెండో చప్పుడు తర్వాత జీతగాడు ఎందుకైనా మంచిదని నాకు బాగా కుడివైపుకు వచ్చి నిలబడ్డాడు.

జంగ్లాత్ సాబ్ నవ్వలేదు, విసుక్కోనూ లేదు. "ఒంటికన్ను మూసుడు నేర్చుకో పంతులూ. వచ్చే నెల మళ్ళ రా" అన్నారు, అంతే. తిరుగు బస్సులో మా బావ ముఖం గంటు పెట్టుకుని, మునగాల దాటాక, "పిల్లనిచ్చేదీ లేనిదీ ఇగ నీ కన్ను మీదనే ఉన్నదిరా" అన్నాడు.

అప్పటినుంచి మొదలైంది నా సాధన. పొద్దున్నే అరుగు మీద గడ్డం గీసుకునే అద్దం ముందు కూర్చుని ఎడమ కన్ను మూయడానికి ప్రయత్నించేవాణ్ణి. నోరు ఒక పక్కకు పోయేది, ముక్కు ముడుచుకునేది, చెవి కూడా కొంచెం కదిలేది, కన్ను మాత్రం ఒక్కటే మూతబడేది కాదు. సంతకు పోతూ, బడికి పోతూ, నలుగురి మధ్య నిలబడి కూడా నాకు తెలియకుండానే ఆ పని చేస్తున్నాననీ, చూసేవాళ్ళకు అది ఇంకోలా కనబడుతుందనీ నాకు తట్టలేదు. తట్టించింది మా ఇంటి యజమానురాలు దొడ్డమ్మ. ఒకరోజు ఆమె నా ముందు నిలబడి చాలాసేపు చూసి, "పంతులూ, నీ కంటికి ఏమైంది బిడ్డా? ఏమన్న పడ్డదా?" అంది. లేదన్నాను. "పడలేదంటివి. మరి గా ఎదురింటి కోడలు నీళ్ళకు పోవాల్నంటే నీ అరుగు ముంగట నుంచి పోనని అత్తతోటి పంచాయితి పెట్టుకున్నది. దాని మొగడు పొద్దంత నిన్నే సూస్తున్నడు. మంచోడివని ఇల్లు కిరాయికి ఇచ్చిన నాయినా" అంది. ఆ రోజు నుంచి అద్దాన్ని ఇంట్లోకి మార్చాను.

బడిలో ఇంకో తీరు. నేను హాజరు పిలుస్తూ ఒక్కొక్కణ్ణి చూసి ముఖం వంకర పెడుతున్నానట. పిల్లలు అది కొత్త రివాజు అనుకున్నారు కాబోలు, "హాజిర్" అన్నప్పుడల్లా నాకు చక్కగా కన్ను కొట్టడం మొదలుపెట్టారు. (ఒక్కొక్కడికీ ఎంత సులువుగా వచ్చిందో! నాకు ఆ క్షణాన కోపం కంటే అసూయే ఎక్కువగా కలిగింది.) హెడ్ మాస్టరుగారు పిలిపించారు. ఆయన్ను మేం సదర్ సాబ్ అనేవాళ్ళం. పాతకాలపు మర్యాదస్తుడు. తలుపు దగ్గరికి వేసి, మెల్లగా, "మాస్టర్ సాబ్, కంటికి ఏమన్న బీమారి ఉంటే దవాఖానకు పోయి రండి. సెలవు ఇస్త. బీమారి కాకుంటే మాత్రం మనకు బద్నాం" అన్నారు. నేను ఉన్న సంగతంతా చెప్పేశాను, తుపాకీ, మూకుళ్ళు, పెళ్ళి, అన్నీ. ఆయన ఆలోచించి, "ఒంటికన్ను మూసుడు గంత ముష్కిలా?" అని తానూ ప్రయత్నించారు. ఆయనకూ రాలేదు. "నన్ను సూడుండి" అని మళ్ళీ చేశారు. "ఇట్లనా సార్" అని నేను చేశాను. ఇద్దరం టేబుల్‌కు చెరోవైపున వంగి, ఒకరి ముఖంలోకి ఒకరం చూసుకుంటూ అవస్థపడుతుండగా చప్రాసీ చాయ్ తీసుకుని లోపలికి వచ్చాడు. రెండు కప్పులూ మధ్యలో పెట్టి, వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయి తలుపు మళ్ళీ జాగ్రత్తగా వేశాడు.

పేటలో పుట్టిన మాట మిర్యాలగూడ చేరడానికి ఎంతసేపు? మా బావ చెమటలు కక్కుతూ దిగాడు. "ఏందిరా, పంతులు నౌకరి చేస్తున్నవా, ఆడోళ్ళకు కన్ను కొడుతున్నవా? గా మాట కోదాడకు పోతే మనం మళ్ళ ఆ తొవ్వ తొక్కగలమా?" అని కూలబడ్డాడు. "కొట్టుడు వస్తే గద బావా కొట్టేది" అన్నాను. నిజంగానే నాకు ఏడుపొచ్చింది. నెల దగ్గరపడింది, కన్ను లొంగలేదు, పరువు పోయింది. చెంబు పెట్టి తలాడించి వెళ్ళిన ఆ పిల్ల ముఖం మాత్రం చదవబోయిన ప్రతి పుస్తకంలోనూ కనబడుతోంది.

అయినా వెళ్ళాం. అరుగు ఎక్కగానే జంగ్లాత్ సాబ్ నన్ను ఎగాదిగా చూసి, "పంతులూ, నీ గురించి ఒక మాట విన్న" అన్నారు. మా బావ చెయ్యి నా చెయ్యిని పట్టుకుంది. అది ధైర్యం చెప్పడానికో, పడిపోకుండా పట్టు కోసమో ఇప్పటికీ తెలియదు. "పేటల ఆడోళ్ళు నిన్ను సూసి తొవ్వ మార్చుకుంటున్నరంట గద! నా మూకుళ్ళ కోసం ఇంత పరేషాన్ అయినవా?" అని ఆయన నవ్వడం మొదలుపెట్టారు. దగ్గు వచ్చేదాకా నవ్వారు. లోపల తలుపు చాటున ఇంకో నవ్వు వినబడి చటుక్కున ఆగింది.

బీటికి బయల్దేరబోతుంటే పిల్ల మేనత్త వచ్చి, "బాబూ, ఆ కళ్ళజోడు ఇటియ్యండి. దుమ్ము పట్టినట్టుంది, తుడిపించుకొస్తా" అని తీసుకుపోయింది. తెచ్చిచ్చాక పెట్టుకుంటే ఎడమ అద్దం మధ్యలో నల్లటి చుక్క. తుడిచిన కళ్ళజోడుకు మసి ఎలా అంటిందా అనుకుని పైపంచెతో శుభ్రంగా తుడిచేశాను. ఆమె చూసి, మళ్ళీ తీసుకుపోయి మళ్ళీ తెచ్చింది. మళ్ళీ అదే చుక్క, ఈసారి ఇంకొంచెం పెద్దది. నేను పైపంచె అందుకోబోతే, "అయ్యో, తుడవకండి బాబూ! అట్లాగే పెట్టుకోవాలంట. మా అమ్మాయి చెప్పమంది" అని గుసగుసలాడింది. కాటుక వాసన వేసింది. దిష్టిచుక్క! నాకు దిష్టి తగులుతుందని ఒక ఆడపిల్ల బెంగపెట్టుకుంది! ఇక మూకుళ్ళు తగిలినా తగలకపోయినా ఒకటేననుకుంటూ నేల మీద కాళ్ళు ఆనకుండా బీటికి నడిచాను.

తుపాకీ ఎత్తాను. రెండు కళ్ళూ ఎప్పటిలాగే తెరిచే ఉన్నాయి. కానీ ఈసారి ఎడమ కంటికి పూస కనబడలేదు, చుక్క అడ్డం వచ్చింది. కుడి కంటికి మాత్రం గొట్టం చివర ఒకే ఒక్క పూస, దాని మీద ఆకాశం. మూకుడు లేచింది. పూస మీదికి వచ్చింది. నొక్కాను. గాల్లోనే ఎర్రటి పొడి అయి రాలిపోయింది. జీతగాడు "కొట్టిండు!" అని అరిచాడు. మా బావ కళ్ళు మూసుకుని ఉన్నాడు కాబట్టి చూడలేదు, ఇంకోటి కొట్టమన్నాడు. ఇంకోటి తప్పింది, ఆ తర్వాతది తగిలింది.

నేను తుపాకీ దించి, "అయితే ఇగ సంబంధం..." అన్నాను. జంగ్లాత్ సాబ్‌కు అర్థం కాలేదు. మా బావ వివరించాడు. ఆయన విస్తుపోయి ఇద్దరినీ చూశారు. "పిల్లనిచ్చుటానికి గురితోటి ఏం పనయ్యా? ఈయన పులిని కొట్టేదున్నదా, బడిల లెక్కలు చెప్పేదున్నదా? నేను మొదటినాడే ఖాయం చేసుకున్న. ఒక్క మూకుడు తగల్లేదు. అయినా తుపాకిని తిట్టలే, గాలిని తిట్టలే, ఇసిరినోణ్ణి తిట్టలే. నా బిడ్డను గూడ తిట్టడనుకున్న." బీడంతా కలయజూస్తూ, "మళ్ళ రమ్మన్నది ఎందుకంటవా, మా ఇంటామె పోయినంక ఇట్ల నా పక్కన నిలబడ్డోడు ఎవడూ లేడు" అన్నారు.

పెళ్ళయ్యాక అడిగితే, అది దిష్టిచుక్క కాదని మా ఆవిడ చెప్పింది. మొదటిరోజు గొట్టం సాఫ్ ఉందా అని చూసేటప్పుడు నేను దాన్ని ఎడమ కంటికి ఆనించానట. తను అది గోడ దగ్గర నుంచి చూసిందట. "చెయ్యి కుడిదే గానీ మీరు గురి చూసే కన్ను ఎడమది. అది మూతబడనంటే మూయడం దేనికి, కప్పేస్తే సరిపోదా? నా కన్నూ అంతే, అందుకే నేను ఎడమ భుజానికి ఆనించి పేలుస్తాను" అంది. నువ్వు పేలుస్తావా అన్నాను. ఆ ఆదివారమే చూపించింది. నేను మూకుళ్ళు ఎగరేశాను. ఒక్కటీ కింద పడలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు, కోదాడ వెళ్ళినప్పుడల్లా సాయంత్రాలు మామగారి పక్కన నిలబడ్డాను. ఎక్కువగా తప్పేవాణ్ణి, ఆయన ఎక్కువగా సంతోషించేవారు. ఇప్పుడు ఆయన లేరు, ఆ బీటి నిండా ఇళ్ళు లేచాయి. ఒక్కోసారి ఆ కుర్రపంతులు గుర్తొచ్చి జాలిపడతాను, ఎవరూ పెట్టని పరీక్షకు నెల పొడుగునా అంత దీక్షగా చదివినందుకు. తర్వాత జీవితంలో నిజం పరీక్షలు చాలానే వచ్చాయి. దేనికీ నేను మళ్ళీ అంతగా తయారు కాలేదు, దేనిలోనూ అంత సులువుగా గట్టెక్కనూ లేదు.