ఖాళీగా వదిలిన మూల

మొన్న మా మేనల్లుడు అరకులో కట్టబోయే ఇంటి గురించి ఫోనుకు నోటితో రెండు ముక్కలు చెప్పగానే, గదులు, గుమ్మాలతో సహా ప్లాను దానంతటదే తెరమీదికి వచ్చేసింది. వాడు మురిసిపోతుంటే, హుకుంపేటలో నేను కంప్యూటర్ మీద ఇళ్ళ ప్లాన్లు గీయడం నేర్పిన రోజులు గుర్తొచ్చి నా మనసు బరువెక్కింది.

మా ఆవిడ అక్కడి ఆశ్రమ పాఠశాలలో, ఇంట్లో తమ గిరిజన భాష కువి మాట్లాడే పిల్లలకి తెలుగు చెప్పేది. నేనేమో కమాండ్లన్నీ బోర్డు మీద రాసి బట్టీ పట్టించేవాణ్ణి; నా క్లాసు పిల్లలు చిలకల్లా అప్పజెప్పేవారు గానీ, మౌసు పట్టుకుంటే ఒక్క గీతా సరిగ్గా పడేది కాదు. "ముందు ఆళ్ళ ఇంటి గురించి ఆళ్ళని మాటాడనీండి, అక్షరాలు ఎనకాల అవే వస్తాయి" అని నవ్వేది ఆవిడ. ఆ మాట పట్టుకుని బట్టీ మానిపించాను. ఒకరు తమ ఇల్లెలా ఉంటుందో చెబుతుంటే పక్కవారు గీసేవారు, తప్పు వస్తే నవ్వుకుని దిద్దుకునేవారు, అలా మాట్లాడుతూ మాట్లాడుతూనే గీతలు చేతికి వచ్చేశాయి.

వాళ్ళలో కొండమీది గూడెం నుంచి వచ్చే గుంట ఒకతె అందరికన్నా చురుకు. ప్యాసైతే పాడేరులో ప్లాన్లు గీసే ఉద్యోగం ఖాయం, వాళ్ళింట్లో నెలజీతం అంటూ వస్తే అదే మొదటిది. పరీక్షలో సొంత ఇంటి ప్లాను గీయమన్నారు. అంతా ముచ్చటగా గీసి, లోపలి మూల ఒకటి మాత్రం ఖాళీగా వదిలేసింది, గోడ గీత కూడా అక్కడికి వచ్చి ఆగిపోయింది.

కింద మైదానం నుంచి వచ్చిన ఎగ్జామినరు ఇదేమిటని అడిగితే, "అక్కడ మా పెద్దలుంటారు సార్, బయటోలకి సూపించకూడదు" అంది. చనిపోయిన పెద్దలకు వాళ్ళ ఇళ్ళలో అలా ఒక చోటు ఉంటుందని నేనెంత చెప్పినా ఆయన వినలేదు. చివరికి కాస్త మెత్తబడి, అక్కడ ఏదో ఒకటి గీసెయ్యి, ప్యాస్ చేసేస్తానన్నాడు. ఆ పిల్ల మౌసు వదిలేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మళ్ళీ క్లాసుకు రాలేదు, కాఫీ తోటల్లో పళ్ళు కోసే పనికి వెళ్తోందని తర్వాత విన్నాను.

మా ఆవిడ పోయి చాలాకాలమైంది, ఆ కంప్యూటర్ గదికీ తాళం పడింది. ఇప్పుడు మాట చెబితే చాలు, బొమ్మ వచ్చేస్తుంది, పక్కన కూర్చుని ఇంటి సంగతులు అడిగేవాళ్ళతో పనిలేదు. మొన్న మేనల్లుడి ఫోను తీసుకుని, కొండమీది గూడెంలో ఒక ఇల్లు గీయమని నేనే అడిగాను. క్షణంలో గీసింది. లోపలి మూలలో డైనింగ్ టేబులు వేసింది.