ఆయ్ అన్న పాపానికి

అమలాపురం శివార్లలోని ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మాకో చిన్న కొబ్బరి పీచు మిల్లు ఉండేది. మా ఆయన అంబాజీపేట నుంచి కొబ్బరి డొక్కలు తోలించేవారు. మిల్లు దగ్గర పని నేను చూసుకునేదాన్ని. పక్కనే ఎవరికీ కేటాయించని స్థలం ఒకటి. దాని గట్టు మీద పీచు ఆరబోసేవాళ్ళం. డొక్కలు నానిన ఎర్రనీళ్ళు మధ్యలో ఉన్న గుంటలోకి పోయి, పీచుపొట్టంతా అడుక్కి దిగాక, తేటనీరే పక్కనున్న బోదె కాలవలోకి చేరేది. ఎవరూ ప్లాను గీసి చేసింది కాదు, దానంతటది కుదిరిన ఏర్పాటు.

తొంభైల నడుమ ఒక అధికారి జీపులో వచ్చాడు. మా జిల్లా మనిషి కాదు.

"ఇక్కడ షెడ్డు లేదు, మోటారు లేదు. ఖాళీ స్థలమే కదమ్మా?"

"ఆయ్."

"ఎస్టేట్‌లో ప్రతి గజం ఉత్పత్తికి పనికిరావాలి. వేరేవాళ్ళకి ఇస్తే మీకు అభ్యంతరం లేదుగా?"

"ఆయ్. అది కాదండీ, ఆ గుంటలో..."

అప్పటికే ఆయన రాసేసుకుని జీపెక్కాడు.

మా వైపు పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్య ఆయ్ అనకపోతే పొగరనుకుంటారు. వింటున్నానండీ అనడానికీ అదే మాట, సరేనండీ అనడానికీ అదే మాట. ఆ రోజు నేనన్నది ఏదో నాకే ఇప్పటికీ అయోమయం. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, ఆ అధికారి మీదో నా మీదో తెలియదు.

ఆ స్థలం ఎవరికో ఇచ్చారు. వాళ్ళు మట్టి తోలి మెరక చేసి, ప్రహరీ కట్టి, గేటుకి తాళం వేశారు. ఏళ్ళు గడిచినా లోపల ఒక్క యంత్రమూ తిరగలేదు. మేం పీచు రోడ్డు వార ఆరబోస్తే దానికి లారీల దుమ్మంతా పట్టేది. ఎర్రనీళ్ళు నేరుగా బోదెలో పడేవి. ఉత్పత్తి కోసమని తీసుకున్న చోట ఉత్పత్తి లేదు, మా పని సగానికి పడిపోయింది, నీళ్ళు చూస్తే పాడయ్యాయి. ఇందులో బాగుపడిందెవరో ఎంత ఆలోచించినా నా బుర్రకెక్కలేదు.

మా మిల్లులో పీచు ఆరబోసే పెద్దావిడ ఇల్లు ఆ బోదె దిగువనే.

"అమ్మగారండీ, గేదె ఆ నీళ్ళు ముట్టడం లేదండీ. ఆ స్థలం ఎవరిచ్చేసేరండీ?" అని అడిగేది.

"ఏమో, ఆఫీసువాళ్ళు" అనేసి లోపలికి పోయేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటాక బోదె మీద ఫిర్యాదు వెళ్ళి ఇంకో అధికారి వచ్చాడు. నీళ్ళకి వేరే దారి చూపేదాకా మిల్లు ఆపమన్నాడు. స్థలం పోయిందని నేను మొత్తుకుంటే, పాత ఫైలు తిప్పి అందరి ముందూ చదివాడు. "స్థలం నిరుపయోగం. పక్క మిల్లు వారికి సమ్మతమే."

పీచు దులుపుతున్న పెద్దావిడ చేతులు ఆగిపోయాయి.

"అమ్మగారండీ, మీరేనాండీ ఒప్పుకున్నది?"

అది మర్యాదకి అన్న మాటేనని ఆవిడకెలా చెప్పను? పనివాళ్ళు ఏమడిగినా ఊఁ అనడమే నాకు అలవాటు. ఆ రోజు మాత్రం తల దించుకుని, ఆవిడతో మొదటిసారి "ఆయ్" అన్నాను.