అత్తమ్మ తన్ను

మా దిక్కున నడుము పట్టుకుంటే డాక్టరు దాకా ఎవరూ పోరు. ఎదురుకాళ్లతో పుట్టిన మనిషిని వెతుక్కుని, వీపు చూపించి తన్నించుకుంటారు. నా అదృష్టం కొద్దీ వెతికే పని కూడా లేకపోయింది. సిరిసిల్లలో ఉండే మా అత్తమ్మదే ఎదురుకాళ్ల పుట్టుక. పవర్‌లూమ్‌ల ముందు నిలబడి నిలబడి నడుములు పోయిన ఆ వాడకంతా ఆమె కాలే దవాఖాన.

నాకు నొప్పి మొదలై నెలలైంది. సాయంత్రమైతే సన్న జ్వరం, ప్యాంట్లన్నీ వదులు. కోరుట్లలో నేను పాఠాలు చెప్పే బడిలో తోటి సార్లు "డైటింగ్ చేస్తున్నవా?" అని మెచ్చుకున్నారు కూడా.

చిక్కంతా అత్తమ్మకే వచ్చింది. పెళ్లిలో కాళ్లు కడిగిన అల్లుణ్ని తన్నడమెట్లా? చుట్టాల్లో పెద్దమనుషులు కూర్చుని, మధ్యలో తువ్వాల అడ్డం పెడితే దోషం లేదని తేల్చారు. నా ఎముక సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు. ఆదివారం పొద్దున గోడకు చేతులానించి నిలబడ్డాను. అత్తమ్మ మొదట నాకు దండం పెట్టి, తర్వాత తన్నింది.

వారం తిరగకముందే కుడికాలు తిమ్మిరెక్కి, నడుస్తుంటే చెప్పు జారిపోవడం మొదలైంది. జగిత్యాల డాక్టరు స్కానింగ్ చూసి, వెన్నులో టీబీలా ఉందన్నాడు. రెండు ఎముకలు దెబ్బతిన్నాయట, పక్కన చీము. సూదితో ఆ చీము తీయించి, పరీక్షకు పంపి ఖాయం చేసుకున్నాక దారులు చెప్పాడు. ఏడాది పైమాటే మాత్రలు, నడుముకు బెల్టు, కొన్నాళ్లు మంచం. కాలు ఇంకా పడిపోతే ఆపరేషన్.

"ఎవరన్న నడుము పిసికిన్రా, తొక్కిన్రా?" అన్నాడు.

"మా అత్తమ్మ తన్నింది" అన్నాను. ఆయన పక్కనే ఉన్న నా భార్య వైపు అనుమానంగా చూశాడు.

చుట్టాలు ఈ రోగానికి ఒప్పుకోలేదు. "దగ్గు లేని టీబీ ఏందయ్యా?" అని నా దగ్గు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. మాత్రలకు మూత్రం ఎర్రబడితే "మందులు వేడి చేసినయ్, బందు పెట్టు" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయేది. కాళ్లు నావి, తీర్పులు వాళ్లవి.

అత్తమ్మ ఒక్కతే ఏ సలహా ఇవ్వకుండా సిరిసిల్ల నుంచి వచ్చి, నా మంచం పక్కన కూర్చుంది. "నా కాలే నీ కాలు తీసింది" అని ఏడ్చింది. "రోగం ముందే ఉన్నది అత్తమ్మా" అన్నాను గానీ, గట్టిగా అనలేకపోయాను. మళ్లీ చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టరు నా పాదానికి చేయి అడ్డం పెట్టి బలం చూడడం ఆమె గమనించింది. అప్పటినుంచి రోజూ పొద్దున మాత్రలు మింగించి, తన అరచేతిని నా కుడిపాదానికి ఆనించేది.

"ఏదీ అల్లుడా, తన్ను."

పాదం కదిలేది కాదు. హైదరాబాద్, ఆపరేషన్ అనే మాటలు మొదలయ్యాయి. ఇక నడవనేమోనన్న భయంతో నాకు అన్నం సహించేది కాదు.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున ఆమె చేయి కొంచెం వెనక్కి జరిగింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"తువ్వాల అడ్డం పెట్టాల్నా అత్తమ్మా?" అన్నాను.

"సప్పుడు చేయకుండ ఇంకోటి తన్ను" అంది, కళ్లు తుడుచుకోకుండానే.