నల్లబడని దానపత్రం

మా రిజిస్ట్రారాఫీసు వరండాలో ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసిన పెద్దాయన పోయిన గురువారం పొద్దున చనిపోయారు. ఆయన పక్క బల్ల మీద స్టాంపు కాగితాలు అమ్ముకునేవాణ్ణి నేను. కబురు తెచ్చిన మనిషి సైకిలు దిగకుండానే ఒక కాలు నేల మీద ఆనించి చెప్పి వెళ్లిపోయాడు. నేను చేతిలో ఉన్న కాగితానికి ముద్ర వేసి, ఎదురుగా ఉన్న రైతును పంపించి, ఆ తర్వాత కూర్చున్నాను.

మూడో రోజున ఆ వరండాలోనే సంతాప సభ పెట్టారు. పటం లేదు కాబట్టి ఆయన కుర్చీకే దండ వేశారు. ఒక వకీలు గుమాస్తా లేచి, పెద్దాయన అంతటి ఓపికమంతుడు ఈ జిల్లాలో పుట్టలేదన్నాడు. ఇంకొకాయన ఆయన దస్తూరీ ముత్యాలన్నాడు. బతికుండగా ఆ ఓపికనే చూసి పగలబడి నవ్విన నోళ్లివి. నాకు రోత పుట్టింది. వాళ్ల మీద కొంత, నా మీద చాలా. నన్నూ రెండు ముక్కలు మాట్లాడమన్నారు. గొంతు బాగాలేదని తప్పించుకున్నాను. నా గొంతుకేం రోగం? శుభ్రంగా ఉంది. అక్కడ నోరు పెగలని సంగతి ఇక్కడ రాస్తున్నాను. చదివేవాళ్లు నన్ను తిట్టుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు.

పెద్దాయన మదరాసు నుంచి వచ్చే ఒక పచ్చ సిరాతో మాత్రమే రాసేవారు. రాసేటప్పుడు అది లేత వేపాకు రంగులో ఉండేది. మర్నాటికి ముదిరేది. మూడో నాటికి నల్లబడి కాగితంలోకి దిగిపోయేది. ఆ తర్వాత నీళ్లు పోసినా, గోటితో గీకినా పోయేది కాదు. అటువంటి సిరా ఎందుకని మొదట్లో నేనూ అడిగాను. ఆయన చెప్పిన కారణం ఇది.

ఒక కరువు ఏడు విడపనకల్లు వైపు నుంచి ఒక రైతు వచ్చి, పొద్దున పది గంటలకు తన చేను అమ్ముతూ వేలిముద్ర వేసి వెళ్లాడు. మధ్యాహ్నం అతని పెండ్లాం చంకలో బిడ్డతో పరుగెత్తుకొచ్చింది. అప్పటికి పని అయిపోయింది. ఆమె ఏడవలేదట, తిట్టలేదట. మెట్ల మీద కూర్చుని సాయంత్రం దాకా పెద్దాయన చేతి వంకే చూసిందట. ఆ వారం నుంచి ఆయన పచ్చ సిరా పట్టారు. పత్రం రాయడం, ఇనప పెట్టెలో పెట్టి తాళం వేయడం, అక్షరం నల్లబడితేనే బయటికి తీసి సంతకం చేయించడం.

"పచ్చగా ఉన్నన్నాళ్లు అది మాటప్పా. నల్లబడితేనే కాగితం" అనేవారు.

మా సీమలో వాన లేని ఏడు మనిషికి ఎక్కడలేని తొందర పుడుతుంది. ఎద్దులకు మేత ఉండదు, బావి అడుగు కనిపిస్తుంటుంది, ఏదో ఒకటి తెగనమ్మితే తప్ప ఊపిరాడదనిపిస్తుంది. ఆ తొందరకు పెద్దాయన మూడు రోజులు అడ్డం పెట్టారు. ఆ మూడు రోజుల్లో బావమరిది రావచ్చు, భార్యకు నోరు రావచ్చు. ఒక్కోసారి వానే రావచ్చు. అట్లా వెనక్కి వచ్చి, తమ పత్రం తామే చింపుకుని పోయినవాళ్లను నేను కళ్లారా చూశాను. ఆ ముక్కల్లో ఆయన ముక్కుపొడుం పొట్లాలు కట్టుకునేవారు. కొనేవాళ్లకు మాత్రం ఆయన పొడ గిట్టేది కాదు.

ఆయనకొక పాడలవాటు ఉండేది. రాయడం అయ్యాక కలం పాళీని ఎడమ చెవి పైన జుట్టుకు తుడుచుకునేవారు. తలంతా నెరిసినా ఆ ఒక్క పాయ నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. ఇంట్లో ఆమె తలంటిపోసి పోసి విసిగిపోయిందని ఆయనే చెప్పి నవ్వేవారు.

నయాపైసలు వచ్చిన కొన్నాళ్లకు సిరా కంపెనీ మనిషి నా దగ్గరికి వచ్చాడు. సిరా బుడ్లు కూడా నేనే తెప్పించి అమ్మేవాణ్ణి. పాత సిరా పాళీలను తినేస్తోందని, అడుగున మడ్డి కడుతోందని ఫిర్యాదులు వచ్చాయట. అందుకని సరుకు మార్చేశారట. "ఇది నల్లబడదు సార్, ఎప్పటికీ పచ్చగానే నిలుస్తుంది" అని, తన కొడుక్కు ఉద్యోగం వచ్చినంత గొప్పగా చెప్పాడు. బుడ్డి అదే, పైన బొమ్మ అదే, పేరు అదే. లోపల ఉన్నది మాత్రం వేరు. మనిషి చూసి పోల్చుకోవడానికి పైన ఒక్క గీత కూడా మార్చకుండా అమ్మడం ఏం వ్యాపారమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కానీ కంపెనీని తిట్టే అర్హత నాకెక్కడిది? వాళ్లు నాకు చెప్పారు. పెద్దాయనకు చెప్పనిది నేను.

చెప్పకపోగా, వరండాలో మిగతా రాతగాళ్ల చెవిన వేశాను. పెద్దాయన పెట్టె తెరిచి చూసుకుంటూ కూర్చుంటాడు, తమాషా చూద్దాం అనుకున్నాం. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

ఆ కొత్త బుడ్డి మూత తీసి ఆయన రాసిన మొదటి కాగితం ఒక దానపత్రం. బుక్కరాయసముద్రం నుంచి ఒక పెద్ద రైతు తన చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమెకు భర్త పోయాడు, పిల్లలు లేరు. అన్న ఇంట్లోనే వంట చేస్తూ, వదిన పోయాక అన్న కొడుకులిద్దర్నీ పెంచింది. తాను పోతే ఆ కొడుకులు ఆమెను గడప దాటిస్తారని అన్నకు భయం. అందుకని బావి ఉన్న ఎకరన్నర ఆమె పేర రాయించాడు. పెద్దాయన రాసి, చదివి వినిపించి, పెట్టెలో పెట్టారు.

మూడో రోజు వచ్చారు. పత్రం పచ్చగా ఉంది. మబ్బు కమ్మి మోడం పట్టింది గదా, గాలిలో తేమకు ఆలస్యమవుతుందని మాలో ఒకడు గంభీరంగా సలహా చెప్పాడు. మిగతావాళ్లం మొహాలు పక్కకు తిప్పుకున్నాం. ఐదో రోజు వచ్చారు. అదే పచ్చ. అప్పటికి పెద్దాయన చెవి పైన పాయ కూడా పచ్చగా తేలింది, చిలక వాలినట్టు. మేము కడుపులు పట్టుకున్నాం. ఆ చెల్లెలు స్తంభం పక్కన కొంగు నిండా కప్పుకుని కూర్చుని మమ్మల్నే చూస్తోంది.

పెద్దాయన నవ్వలేదు. సిరాను అనుమానించాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు. ఇన్నేళ్లలో అది ఆయనకు అబద్ధం చెప్పలేదు. మనుషుల్ని అనుమానించారు. ఇంట్లో ఎవరి మనసో ఇంకా కుదరలేదని, అది కుదిరేదాకా అక్షరం ముదరదని ఆయనకు తోచింది. ఆ మాటే రైతుతో అన్నారు.

"నా చెల్లెలికి నేనిస్తాండా. ఇంగెవురి మనసు కుదరల్ల? తీయప్పా కాగితం, యేలు పెడ్తా" అన్నాడు రైతు.

"కొడుకుల్ని ఒక మాట అడిగి రాపో అన్నా. నల్లబడనీ" అన్నారు పెద్దాయన.

పోనీ వేరేవాళ్ల దగ్గర రాయించుకోమని కూడా చెప్పారు. తమ ఇంటి కాగితాలన్నీ ఈ చేతివేనని, ఇంకొకరి దగ్గరికి పోనని రైతు మొండికేశాడు. నాకూ వాళ్లకూ మధ్య రెండు బారల దూరం. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. రేపు చెబుదాంలే అనుకున్నాను.

రైతు ఇంటికి పోయి కొడుకులతో రెండు రోజులు పోట్లాడాడు. ఎనిమిదో రోజు ఆ బావి దగ్గరే నీళ్లు తోడే కపిల తోలుతూ, ఎద్దుల వెనక నడుస్తూ నడుస్తూ కూలిపోయాడు. మళ్లీ లేవలేదు. కర్మ ముగియకముందే కొడుకులు బావి చుట్టూ ముళ్లకంప కొట్టారు. చెల్లెలు ఒక్కతే వచ్చి వరండా మెట్ల కింద నిలబడింది. సంతకం లేని దానపత్రం పెట్టెలో పచ్చగా, అందంగా ఉంది.

ఆ సాయంత్రం పెద్దాయన బుడ్డి వచ్చిన అట్టపెట్టె తెచ్చి, లోపల మడిచి ఉన్న ఇంగ్లీషు కాగితం చదవమని నాకిచ్చారు. నేను చదివాను. మొదటిసారి చూస్తున్నట్టు, కనుబొమలు పైకెత్తి మరీ చదివాను. ఈ సిరా నల్లబడదని విని, ఆయన బుడ్డిని మెట్ల మీది నుంచి దుమ్ములోకి వంచేశారు.

"సిరాదేముండాదప్పా. వద్దన్నది నేను గదా" అన్నారు.

నెల తిరక్కుండా ఆయన మామూలు నల్ల సిరాతో ఒక దానపత్రం రాశారు. గార్లదిన్నె దారిలో తనకున్న ఒకే ఒక చేను, రాళ్ల చేను, ఎకరానికి కొంచెం తక్కువ. ఆ చెల్లెలి పేర రాసి, తడి ఆరకముందే సంతకం చేసి రిజిస్ట్రేషనుకు లోపలికి తీసుకెళ్లారు. ఆయన కొడుకు రెండేళ్లు తండ్రితో మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా పెద్దాయన పత్రాలను మూడు రోజులు ఆపేవారు, కానీ రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకునేవారు. నన్ను ఎన్నడూ ఏమీ అడగలేదు. నాకు తెలుసని ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు. పండక్కి మా ఇంటికి అలసందలు పంపేవారు. నేను తినేవాణ్ణి.

సభ అయిన మర్నాడు ఆ చేను వెతుక్కుంటూ పోయాను. ఈ పదేళ్లలో ఒక్కసారి కూడా అటు వెళ్లలేదు. ఎండకు నేల తెల్లగా కాలిపోతోంది. ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని రాళ్లు ఏరుతోంది. ఎంత ఏరినా ప్రతి దుక్కికీ మళ్లీ తేలుతాయట. పెద్దాయన పోయిన సంగతి ఆమెకు తెలుసు. దహనానికి వచ్చి దూరంగా నిలబడి వెళ్లిందట.

కూర్చోకుండానే చెప్పేశాను. సిరా మారిందని నాకు ముందే తెలుసని, తమాషా చూద్దామని దాచానని, ఆ నవ్వులు అందుకేనని. ఆమె రెండు చేతుల్లో రాయి పట్టుకుని విన్నది.

"నన్ను జూసి నవ్వుతాండారనుకుంటి" అన్నది. "మొగుడు సచ్చినదానికి బాయి భూమి గావాల్నా అని. ఆ సిగ్గుకే నోరిప్పల్యా. యేలు పెట్టించుకో సామీ అని నేనొక్క మాట కాళ్లు పట్టుకోని అడిగింటే, ఆయన కాదనేటోడు కాదు."

తిడుతుందేమోనని నిలబడ్డాను. తిట్టలేదు. చేతిలోని రాయిని పడేసి, పక్కన సగం పూడుకుపోయిన పెద్ద బండ దగ్గరికి నడిచింది.

"ఊరికే నిలబడద్దు. ఆ పక్క పట్టు" అన్నది.

పట్టుకున్నాను. ఆమె వెనక్కి నడుస్తోంది, నేను ముందుకు. బండ బరువుకు నా వేళ్లు జారుతున్నాయి. ఆమె నా మొహం వైపు చూడటం లేదు, కాళ్ల కింద నేలను చూసుకుంటోంది. గట్టు ఇంకా చాలా దూరం ఉంది.