లొరెట్టా తెచ్చిన బకెట్టు

లొరెట్టా ప్రూయిట్ మా ఒహాయో కొండల్లో ముప్పై ఒక్కేళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఒక్కరోజు ఆలస్యం కాలేదు, ఒక్క పిల్లను వదిలి రాలేదు, చేసే పనికి ఏనాడూ ఎవరికీ కారణం చెప్పలేదు. రిటైరయిన మరునాడు ఐదింటికే లేచి, వెళ్ళడానికి చోటు లేక, కోటు వేసుకుని వంటింట్లో కూర్చుందట. ఈ మాట ఆమె భర్త వెండెల్ చెప్పాడు. ఆమె చెప్పే మనిషి కాదు.

ఆ వసంతంలోనే అల్పాకాలు కావాలంది, ఒంటె మెడా గొర్రె బొచ్చూ ఉండే జంతువులు. నార్మా బెక్ అనే ఆవిడ మోకాళ్ళ నొప్పులతో మంద తగ్గించుకుంటూ, మూడింటిని ఊరికే ఇస్తానంది. అమ్మేవాళ్ళకన్నా ఊరికే ఇచ్చేవాళ్ళకు పట్టింపు ఎక్కువ. "ముందు చూస్తాను. నచ్చకపోతే వెనక్కి తోలుకుపోతా, తర్వాత ఏడవొద్దు" అని ముందే చెప్పింది. అలా అప్పటికే రెండిళ్ళ వాకిళ్ళ దాకా వెళ్ళి తిరిగొచ్చిన మనిషి.

లొరెట్టా మూడు వారాలు ఒళ్ళు దాచుకోకుండా పనిచేసింది. షెడ్డుకు గాలి కొట్టని వైపు చూసి తలుపు పెట్టింది. ఎండుగడ్డిని ముక్కుకు ఆనించి వాసన చూసి మరీ కొంది. కంచెకున్న ప్రతి మేకునూ వేలితో తడిమింది. చివరగా నార్మా దగ్గర్నుంచి ఒక బకెట్టు తెచ్చింది. అందులో ఉన్నవి అల్పాకాల పెంటికలు. పెంటికలు వెయ్యడానికి ఆ జంతువులన్నీ ఒకే చోటికి వెళతాయి. కొత్త ఇంట్లో ఆ చోటు ఏదో వాటికి తెలియాలంటే పాత వాసన ముందే అక్కడ ఉండాలి. సాయంత్రం వాటిని పచ్చిక చివరి మూలన కుప్పగా పోసి, వెండెల్‌తో ఒక్క ముక్కైనా అనకుండా వెళ్ళి పడుకుంది.

వెండెల్‌కు లోకమంటే టమాటాలు. గేటు పక్కనే ఆయన మడి. తెల్లారి, పక్కింట్లో ఉండే నేను ఉత్తరాల పెట్టె దగ్గరికి వెళ్ళేసరికి ఆయన ఆ కుప్పను పారతో ఎత్తుకొస్తున్నాడు.

"చూశావా డాటీ! నలభై రెండేళ్ళ కాపురంలో మొదటిసారి నాకు పనికొచ్చేది తెచ్చింది. తెచ్చి ఆ చివర పారబోసింది, పిచ్చిది!"

మా వైపు అల్పాకా ఎరువంటే జనం సంచులు పట్టుకుని ఇరవై మైళ్ళు పోతారు. మొక్కను మాడ్చదు, మాగబెట్టే పని లేదు.

"ఇంకా చూస్తావేం? లొరెట్టా మనసు మార్చుకునే లోపు చల్లెయ్యి" అన్నాను నేను.

చల్లేశాడు. ఇరవై నాలుగు మొక్కల మొదళ్ళలో, గుప్పెడేసి.

తొమ్మిదింటికి నార్మా వచ్చింది. షెడ్డు చూసింది, నీళ్ళ తొట్టిలో వేలు ముంచింది, తల ఊపింది. ట్రైలర్ తలుపు తీసింది. మూడింటినీ తాళ్ళతో గేటు వైపు నడిపిస్తుంటే ముందున్న గోధుమరంగుది మడి దగ్గర ఆగింది. నేల వాసన చూసింది. మడిలోకి దిగి, వెనక్కి తిరిగి, తోక ఎత్తింది. మిగతా రెండూ దాని వెనక వరసలో నిలబడ్డాయి.

నార్మా మొహం గట్టిపడింది. "బకెట్టు ఎక్కడ పోశావమ్మా?"

లొరెట్టా చివరి మూల చూపించింది. అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. వెండెల్ చెవులు ఎర్రబడ్డాయి.

"చెప్పింది ఒక్క పని! అదీ చెయ్యని ఇంట్లో వీటినెలా వదలను?" నార్మా తాళ్ళు ట్రైలర్ వైపు తిప్పింది.

"ఆ కుప్ప ఎందుకో ఆయనకు నేను చెప్పలేదు. తప్పు నాది" అంది లొరెట్టా. నేను మాత్రం ఉత్తరాల పెట్టెను చాలా శ్రద్ధగా చూస్తున్నాను.

వెండెల్ మడిలోకి దిగాడు. పార తెచ్చి, మొదటి టమాటా మొక్కను మట్టిగడ్డతో సహా పెళ్ళగించాడు. తర్వాత రెండోది.

"ఏం చేస్తున్నావయ్యా?" అంది నార్మా.

"వాటికి ఇక్కడే బాగుందట. కంచె ఇటు జరుపుతా."

"జూన్‌లో టమాటా పీకుతావా? బతుకుతాయనుకుంటున్నావా?"

"బతికినవి బతుకుతాయి."

అప్పుడు నా నోరు పెగిలింది. "చల్లమంది నేనే." ఎవరూ అడగకపోయినా ఇంకో పార అందుకున్నాను.

నార్మా తాళ్ళు గేటు గుంజకు కట్టింది. "నా మోకాళ్ళు వంగవు. కుర్చీ వెయ్యండి" అంది.

ఎండ నెత్తికెక్కేసరికి మడి కంచె లోపలికి వచ్చింది. నార్మా లేచి మూడింటి తాళ్ళూ తనే విప్పి లొరెట్టా చేతిలో పెట్టింది. "రేపు పొద్దున్న ఫోన్ చేస్తా. ఎత్తు."

"ఐదింటికే లేస్తాను" అంది లొరెట్టా.

టమాటా మొక్కల్లో బతికిన పదకొండు ఇప్పుడు మా పెరట్లో ఉన్నాయి. వెండెల్ రోజూ వచ్చి నేను నీళ్ళు సరిగ్గా పోయడం లేదంటాడు. ఎదురు చెప్పే మొహం నాకు లేదు.