పరగడుపున మింగిన బిళ్ళ

2003లో నేను గుంటూరులో ఒక కడుపు డాక్టరు గారి దగ్గర ఎండోస్కోపీ గదిలో పనిచేసేదాన్ని. ఎండోస్కోపీ అంటే సన్నని కెమెరా గొట్టాన్ని నోట్లోంచి కడుపులోకి దించి చూడటం. నేను బడికి వెళ్ళలేదు. నాన్నగారు ఇంట్లోనే చదువు చెప్పి, ప్రైవేటుగా పదో తరగతి రాయించారు. గొట్టం కడగడం, రోగి తల పట్టుకోవడం, కాగితాలు నింపడం డాక్టరు గారు నేర్పారు. ఇప్పటికీ పొద్దున దీపం వెలిగించేటప్పుడు ఇద్దరినీ తలుచుకుంటాను.

మిరప కోతలప్పుడు గది ఖాళీ ఉండేది కాదు. అందరిదీ ఒకటే మాట, "కారం పడటం లేదమ్మా" అని. మధ్యాహ్నానికి నా కాళ్ళు నావి కావనిపించేవి. గొట్టం కడిగే మందు ఘాటుకు కళ్ళు మండేవి.

అలాంటి రోజునే అద్దంకి వైపు నుంచి రమణమ్మ వచ్చింది, అత్తగారిని వెంటబెట్టుకుని. ముప్పై ఏళ్ళుంటాయేమో. మిరపకాయల తొడాలు తీసే పని. ఏడాదిగా మజ్జిగన్నం తప్ప ఏదీ ఇమడటం లేదట.

"ఒకే కుండలో కూడు తింటున్నాం తల్లీ. నేను గొడ్డుకారం కలుపుకుని తింటా, నాకేం కాదు. కాయల్లోకి రమ్మంటే చాలు, దీనికి కడుపునొప్పి. అంతా నాటకం," అంది అత్తగారు గుమ్మంలోనే.

రమణమ్మ తలెత్తలేదు. "మందులేమన్నా వాడుతున్నావా?" అని అడిగాను. "లేదక్కా," అంది. కాగితం మీద 'లేదు' అని రాశాను.

కడుపు లోపలి పొర ఎర్రగా వాచి ఉంది. చిన్న ముక్క తీసి రాపిడ్ యూరియేజ్ టెస్ట్ చేశాం. పుండ్లు తెచ్చే క్రిమి ముక్కలో ఉంటే టెస్టు మందు పసుపు రంగు గులాబీ అవుతుంది. పసుపు పసుపుగానే ఉండిపోయింది.

"విన్నావా? పురుగు లేదంట!" అని అత్తగారు గెలిచినట్టు లేచింది. రమణమ్మ కొంగు సర్దుకుని వెనకే నడిచింది.

మూడు నెలలకు ఆమెను ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. విరేచనం తారులా నల్లగా అవుతోంది. లోపల నెత్తురు కారుతోందన్నమాట. స్ట్రెచర్ మీదికి ఎత్తుతుంటే కొంగుముడిలోంచి బిళ్ళల అట్ట జారిపడింది.

"ఇదేంటమ్మా?"

"గ్యాస్ బిళ్ళక్కా. రోజూ పరగడుపునే వేసుకుంటా."

"మందులు వాడటం లేదన్నావు కదా?"

"ఇది మందేంటక్కా? మా వీధిలో అందరూ మింగేదే."

డాక్టరు గారికి చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. "ఈ బిళ్ళ వాడితే క్రిమి అణిగి టెస్టుకు దొరకదు. నేనైనా అడగాల్సింది," అన్నారు. గొట్టం దించి పుండుకు ఇంజెక్షన్ చేసి నెత్తురు ఆపారు. బిళ్ళకు క్రిమి పైకి జరుగుతుందని, ఈసారి కడుపు పైభాగం నుంచి కూడా ముక్కలు తీసి బయాప్సీకి, అంటే మైక్రోస్కోపు కింద చూడటానికి, పంపారు. అంతసేపూ ఆమె తల నా చేతుల్లో ఉంది, చెమటతో చల్లగా. భగవంతుణ్ణి పిలుస్తూనే ఉన్నాను.

బయాప్సీలో క్రిమి కనిపించింది.

"ఒకే కుండ కూడు కదయ్యా, మరి నాకెందుకు రాలేదు?" అంది అత్తగారు. ఈసారి గొంతు తగ్గింది.

"నీలోనూ ఉండొచ్చమ్మా. క్రిమి వస్తే ఒంట్లో పోట్లాడే కణాలుంటాయి, ఇక చాలని ఆపే కణాలూ ఉంటాయి. కొందరిలో ఆపేవి గట్టిగా ఉంటాయి. ఈ పిల్లలో పోట్లాట ఆగలేదు. ఆ వాపులో సొంత కడుపే పుండయింది. నాటకం కాదు," అన్నారు డాక్టరు గారు.

ముసలామె కోడలి కాళ్ళవైపు చూసింది. "నాలో పోట్లాట ఆపేవాళ్ళున్నారా? మా ఊళ్ళో చెబితే ఎవడూ నమ్మడు," అంది.

రమణమ్మ నవ్వింది. నేను ఆమె నవ్వు చూడటం అదే మొదలు. అత్తగారు కొంగుతో ఆమె నుదురు తుడిచింది.

రెండు వారాల బిళ్ళల కోర్సు పూర్తిగా వాడింది. వేసవి తర్వాత వచ్చి, పప్పులో పచ్చిమిరపకాయ నంజుకున్నానని చెప్పింది.

ఆ తర్వాత మందులు వాడుతున్నావా అని నేనెవరినీ అడగలేదు. "పొద్దున లేచింది మొదలు నోట్లో ఏమేం వేసుకుంటావో చెప్పు," అంటాను. ఎంత అలసిపోయినా చివరిదాకా వింటాను. ఆ 'లేదు' నా చేత్తో రాసిందే. రమణమ్మ బతికింది కాబట్టి దాన్ని ఈరోజు పాఠమని చెప్పుకోగలుగుతున్నాను. అది నా తెలివి కాదు, దేవుడి దయ.