యాదయ్య గోడకు వేసిన సున్నం

1987 వానాకాలంలో, నల్లగొండ కోర్టులో నేనింకా జూనియర్ వకీలుగా ఉన్నప్పుడు, ఒక కిరాయి ఇంటి కేసులో నన్ను కమిషనర్‌గా వేశారు. పేరు ఘనమే గానీ పని చిన్నది. కోర్టు తరఫున వెళ్లి, ఉన్నదాన్ని కొలిచి, రాసి తేవాలి. ఎందుకలా ఉందో రాసే అధికారం కమిషనర్‌కు లేదు.

కిరాయిదారు యాదయ్య గోడకు తూట్లు పొడిచి ఇల్లు పాడు చేశాడని, ఖాళీ చేయించాలని యజమాని సత్తయ్య కేసు. తూట్లు నిజమే. యాదయ్యకు సైకిల్ దుకాణం. వాళ్లది మర్రిగూడ వైపు. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి తల్లి లక్ష్మమ్మ నడుము వంగింది, మోకాళ్లు బిగుసుకున్నాయి. ఆమె పట్టుకుని నడవడానికి మంచం దగ్గర నుంచి వెనక తలుపు దాకా గోడకు ఇనుప పైపు బిగించాడు. ఆ పైపు నా రిపోర్టులోకి ఎక్కితే చాలు, తూట్లు తల్లి కోసమేనని తేలి ఇల్లు ఖాళీ చేయాల్సిన పని ఉండదని అతని వకీలు నమ్మకం.

ఇద్దరికీ నోటీసులిచ్చి, చెప్పిన రోజు పొద్దున టేపుతో వెళ్లాను. సత్తయ్య అప్పటికే వచ్చి ఉన్నాడు. లోపల గోడ తెల్లగా ఉంది. పైపు లేదు.

"కోర్టు సారు ఇంటికి వస్తాండంటే గోడ గట్లనే ఉంచుతమా? పైపు పీకి, తూట్లు పూడ్చి, ఇప్పుడే సున్నమేసిన" అన్నాడు యాదయ్య, మెచ్చుకుంటానేమోనని చూస్తూ. పెద్దమనిషి గడప తొక్కుతాడంటే మా దగ్గర గోడకు సున్నం పడాల్సిందే. రిపోర్టులోకి ఎక్కించడానికి ఇక పైపు లేదు; టేపు మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

"సారుకు మంచినీళ్లన్న ఇయ్యవా బిడ్డా" అంటూ లక్ష్మమ్మ తానే లేచింది. అలవాటు కొద్దీ గోడ వైపు చెయ్యి చాచింది. పైపు అందలేదు. తడి సున్నం మీద అరచెయ్యి జారి పక్కకు పడిపోయింది. ముందుగా ఉరికింది సత్తయ్యే. "అవ్వా, జర మెల్లగ" అంటూ లేవదీసి, రిక్షాలో దవాఖానకు తానే తీసుకుపోయాడు.

తుంటి ఎముక విరిగింది. బతుకమ్మ పండుగ రాకముందే ఆమె పోయింది. సత్తయ్య కేసు వాపసు తీసుకుని, ఉండమని బతిమాలినా యాదయ్య ఉండలేదు. "గా గోడ చూస్తే పాణం పోతాంది సారూ" అన్నాడు.

ఆ తర్వాత ఎన్నో కమిషన్లకు వెళ్లాను. వెళ్లే ముందు కిరాయిదారును పిలిపించి, ఇల్లు ఎట్లుందో అట్లనే ఉండనియ్యి, నా కోసం ఏమీ సర్దకు అని చెప్పేవాడిని. నోటీసులో ఆ మాట ఉండదు.